గడప లోపల విస్తరి

ఇంకో రెండు కందికట్టెలు మంటలో వెయ్యరా అబ్బాయ్. పచ్చివి కావులే, అంటుకుంటాయి. నువ్విటు జరుగమ్మా, పొగంతా నీ వైపే పోతా ఉంది.

ఇందాక మీ అవ్వతో నువ్వు అన్నమాట నా చెవిన పడింది. తల్లో పూలుంటే, చేతికి గాజులుంటే బాప్తిస్మం ఇవ్వమన్నారంట గదా మీరు పోయే సంఘంలో. మీ అవ్వేమో 'తీసేస్తే పోలా' అంది. తీసెయ్యొచ్చు. పూలు తియ్యడం ఎంతసేపు? అయినా నాకు అప్పట్నుంచీ మనసు మనసులో లేదు. నువ్వు నిలబడ్డ ఆ వాకిట్లో నేనూ ఒకప్పుడు నిలబడ్డాను తల్లీ. ఒకసారి బయట నిలబడ్డాను. ఇంకొకసారి లోపల నిలబడి వేరేవాళ్లను బయట ఉంచాను. ఆ రెండోది మీ నాయనకు కూడా నేనెప్పుడూ పూర్తిగా చెప్పలేదు.

మా జేజి దగ్గర్నుంచి ఎత్తుకుంటేగాని ఇది అర్థం కాదు. నాకు పన్నెండేళ్లప్పుడు పోయింది జేజి. ఎనభై దాటి బతికింది. మా నాయన ఆమెకు కడగొట్టు కొడుకు. పొద్దుగూకితే నన్ను పక్కలో కూర్చోబెట్టుకుని ఒకే కథ చెప్పేది. నేనూ ఒకే కథ అడిగేవాణ్ణి. ధాత కరువు కథ.

1876లో మొదలై రెండేళ్లు పీడించిందా కరువు. పడమటి ఊళ్లన్నీ తూర్పుకు నడిచాయి. సముద్రం ఒడ్డున కాలవ తవ్వుతున్నారు, కూలి దొరుకుతుందని. ఇప్పుడు మనం బకింగ్‌హాం కాలవ అంటామే, అదే. ఒంగోలులో క్లౌ దొర ఉండేవాడు, అమెరికా బాప్టిస్టు మిషను ఆయన. ఆ కాలవలో మూడున్నర మైళ్ల ముక్క కాంట్రాక్టు ఆయన తీసుకున్నాడు. తన దగ్గరున్న బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టాడు. ఆ బోధకులెవరనుకున్నావు? మనవాళ్లే, మాదిగవాళ్లే. మట్టితట్ట దించి చెమట తుడుచుకునే ఆడమనిషి పక్కన కూర్చుని, ఆమె మాటల్లోనే యేసు సంగతి చెప్పేవాళ్లు. మా జేజి తల్లి తట్ట మోసింది. జేజి తమ్ముణ్ణి చంకనేసుకుని కట్ట మీద తిరిగేది.

కరువులో కొంగుపట్టి వచ్చినవాళ్లను వచ్చినట్టు నీళ్లలో ముంచొచ్చు గదా? క్లౌ దొర ముంచలేదు. ఏడాది పైచిలుకు ఎవ్వరికీ బాప్తిస్మం లేదన్నాడు. గింజల కోసం వచ్చారనే మాట రాకూడదు. నాకు ఆ మనిషి మీద గౌరవం ఉన్నది ముందు దీనికే. తర్వాత వానలు పడ్డాయి, కూలి పని అయిపోయింది, ఇక ఇచ్చేదేమీ లేదు పొమ్మన్నారు. అప్పుడు వచ్చారు జనం. ఏమీ లేదన్నాక వచ్చారు!

ఒంగోలుకు ఉత్తరాన పది మైళ్ల దూరంలో వెల్లంపల్లి. గుండ్లకమ్మ దగ్గర. 1878 జూలై 3. ఆ ఒక్కరోజు 2,222 మంది ఆ ఏట్లో మునిగి లేచారు. ముందురోజూ తర్వాతరోజూ కలిపితే మూడు రోజుల్లో 3,536. ఈ లెక్కలు పుస్తకాల్లో ఉన్నాయి, లోకమంతా చెప్పుకుంది. జేజికి లెక్క తెలీదు. ఆమెకు గుర్తున్నది ఒక్కటే. 'మేము ఎప్పుడు ఏటికి పోయినా దిగువ రేవుకు పొమ్మనేవాళ్లు బిడ్డా. ఆ పొద్దు ఏ రేవని ఎవురూ అడగలా' అనేది. ఈ మాట చెప్పేటప్పుడు నవ్వేది, కళ్లలో నీళ్లు తిరిగేవి.

ఆ మునిగినవాళ్లకు మూడు కట్టడలు. జేజి వేళ్లు మడిచి చెప్పేది. ఆదివారం పనికి పోగూడదు. చచ్చిన గొడ్డు తినగూడదు. విగ్రహాలకు మొక్కగూడదు. చెవికి ఎంత చిన్నగా ఉన్నాయి చూడు! ఊళ్లో గొడ్డు చస్తే ఈడ్చుకుపోయేది మనమే, ఆ మాంసమే మన కూడు. జాతరకు డప్పు కొట్టేది మనమే. ఇక కొట్టమన్నారు. కల్లం దగ్గర మనకొచ్చే మేర గింజలు ఆపేశారు ఆసాములు. ఆదివారం రాలేదని కొట్టారు. పొలాలకు అడ్డంపడి నడిచే బాటలు మూసేశారు. తిండి లేని మనుషులు తిండిని వద్దన్నారంటే అది ఎవరో విధించిన నియమంతో అయ్యే పనేనా? 'అవన్నీ మానినందుకు దేవుడు మమ్మల్ని బిడ్డలనలేదురా. బిడ్డలమని తెలిశాక నోట పెట్టబుద్ధి గాలేదు' అనేది జేజి. అక్షరం ముక్క రానిది.

ఇంకొక సంగతి చెప్పేదామె, వాళ్ల పెద్దవాళ్లు చెప్పగా విన్నది. దొర ఒంగోలు వచ్చింది 1866లో. తాళ్లకొండపాడు ఎర్రగుంట్ల పేరయ్య అప్పటికే నమ్మినవాడు. తోళ్ల బేరం చేసుకునే మనిషి. ఆయన వెంట మాదిగలు రాసాగేసరికి, దొర బడికి వచ్చే పైకులాలవాళ్లకు కష్టం తోచింది. వాళ్లను చేర్చుకుంటే మేము రామన్నారు. దొరకు ఏం చెయ్యాలో పాలుపోలేదు. ఒక గదిలో ఆయన, ఇంకో గదిలో దొరసాని, ఒకరికి తెలీకుండా ఒకరు బైబిలు తెరిచారట. ఇద్దరికీ ఒకే చోటు దొరికింది, కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం. లోకం ఎన్నికలేనివాళ్లన్నవాళ్లనే దేవుడు ఏర్పరచుకున్నాడని ఉందక్కడ. బడి ఖాళీ అయితే అవనీ అనుకున్నారు. మనకు తలుపు తెరిచి ఉంచడానికి వాళ్లు ఊళ్లో పెద్దమనుషుల్ని వదులుకున్నారు.

ఇంత చెప్పింది ఎందుకంటే, అట్టాంటి తలుపులోంచి లోపలికొచ్చిన ఇంట్లో పుట్టాను నేను. పుట్టి పెరిగి, కళ్లు తెరిచి చూసేసరికి తలుపుకు గొళ్లెం పడి ఉంది.

ఎప్పుడు పడిందో ఎవరికీ తెలీదు. మూడు కట్టడలు ముప్పయ్యాయి. ఆదివారం కూర కోసుకోగూడదు. కొట్లో ఉప్పు కొనగూడదు. సినిమా చూడగూడదు. చక్కభజన వినపడితే నిలబడగూడదు. సంఘానికో పుస్తకం, దాంట్లో పేర్లు, పేర్ల మీద గీతలు, తప్పులు. మంచి మనుషులే పెద్దలు, చెడ్డ అనను. జేజివాళ్లు ఎంత పోగొట్టుకుని తెచ్చుకున్నారో అది పోతుందేమోనని భయం. భయమున్నవాడు గోడ మీద గోడ పెడతాడు గదా.

నాకు ఇరవై రెండేళ్లు. మీ అవ్వ కాపురానికొచ్చి నాలుగు నెలలు. ఒక ఆదివారం సాయంత్రం పడమట మబ్బు దిగింది. మా వీధి చివర ఒక ముసలమ్మ, మొగుడు లేడు, కొడుకు లేడు. జొన్నకంకులు కల్లంలో పరిచి ఉన్నాయి. ఏడాది గింజలవి. నేను గుడి నుంచి వస్తూ చూశాను. చొక్కా విప్పి దిగాను. కంకులన్నీ కుప్ప చేసి, తాటాకు కప్పి, రాళ్లెత్తేసరికి వాన కొట్టింది. ఇంటికి తడిసి ముద్దై వచ్చాను, మనసు మాత్రం తేలిగ్గా ఉంది.

బుధవారం కూటంలో నన్ను నిలబెట్టారు. ఆదివారం పని చేశావా? చేశాను. తప్పు ఒప్పుకుంటావా? తప్పేముంది అన్నాను. ఆ మాటతో నన్ను బల్ల నుంచి తీసేశారు. ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం నా ముందు నుంచి పక్కవాడికి పోతాయి. నేను ముట్టగూడదు. మా నాయన కూడా ఆ పెద్దల్లోనే ఉన్నాడు. ఆయన తల దించుకున్నాడు.

మొదటి నెల కోపం. రెండో నెల పంతం. ఆ తర్వాత గుడి మొహమే చూడలేదు. దేవుడంటే ఇంత తూకమేసేవాడైతే నాకెందుకనుకున్నాను. మీ అవ్వ ఒక్కతే పోయేది. వచ్చి ఏమీ అడిగేది కాదు.

ఆ చలికాలం ఒక ముసలి బోధకుడు మా పల్లెకు వచ్చాడు. ఉద్యోగం అయిపోయి కూడా ఊళ్లు తిరిగేవాడు. గొంగడి, చేతికర్ర, సంచిలో బైబిలు. కళ్లు సరిగా కనపడవు. మా కల్లం దగ్గర మంటేసుకుని ఉంటే వచ్చి కూర్చున్నాడు, ఇట్టాగే, ఇప్పుడు నువ్వు కూర్చున్నంత దూరంలో. నా సంగతి ఎవరో చెప్పే ఉంటారు. ఏమీ అడగలేదు. 'నాయనా, నీ కళ్లు బాగున్నాయి గదా, గలతీయులకు రాసిన పత్రిక చదివిపెట్టు' అన్నాడు. ఆరు అధ్యాయాలే అది. లాంతరు పెట్టుకుని చదివాను. మధ్యమధ్య ఆపమనేవాడు. రెండు రాత్రులు పట్టింది.

'చూడు, మిగతా సంఘాలకు రాసేటప్పుడు పౌలు ముందు దేవునికి వందనాలు చెప్పి మొదలుపెడతాడు. దీంట్లో అది లేదు. పలకరించాడు, వెంటనే మందలించాడు. ఇల్లు తగలబడుతుంటే కుశలమడుగుతామా?' అన్నాడు. గలతీయ అంటే ఇప్పటి టర్కీ నడుమ ఉండే దేశమట. అక్కడివాళ్లు యూదులు కారు, అన్యులు. యేసును నమ్మారు, ఆత్మను పొందారు. తర్వాత కొందరు బోధకులొచ్చి, నమ్మితే చాలదు, సున్నతి చేయించుకోవాలి, ధర్మశాస్త్రం మొత్తం పాటించాలి, అప్పుడే అబ్రాహాము పిల్లలు అన్నారు. పౌలుకు ఒళ్లు మండింది. అబ్రాహాము దేవుని మాట నమ్మే గదా నీతిమంతుడయ్యాడు అన్నాడు. ధర్మశాస్త్రమైతే వాగ్దానానికి 430 ఏళ్ల తర్వాత వచ్చింది. వెనకొచ్చింది ముందిచ్చిన మాటను కొట్టెయ్యలేదు. అది పిల్లవాడి చెయ్యి పట్టుకుని బడిదాకా దిగబెట్టే మనిషిలాంటిది, పిల్లవాడు పెద్దయ్యాక చెయ్యి వదలాలి.

అక్కడ ఆపాడు ముసలాయన. చాలాసేపు మంటకేసి చూశాడు. 'నాయనా, మన తెలుగు బైబిల్లో మోషే ఇచ్చినదానికి ఏం పేరు పెట్టారు?' అన్నాడు. ధర్మశాస్త్రం అన్నాను. 'మోషేది దేవుడిచ్చింది, అది పరిశుద్ధమైందని పౌలే ఇంకోచోట అన్నాడు. దాన్ని తక్కువ చెయ్యకు. కానీ మనవాళ్ల చెవికి ఆ మాట ఎట్టా పడిందో ఆలోచించు. ఊరి బయట ఉండమన్నదీ, దిగువ రేవుకు పొమ్మన్నదీ, చదువు వినగూడదన్నదీ ధర్మశాస్త్రమనే చెప్పారు మన తాతలకు. అదే మాట గుడిలో చదివి, ధర్మశాస్త్రం నుంచి క్రీస్తు విడిపించాడంటే, మీ జేజి ఏం విని ఉంటుందో తెలుసా?' అన్నాడు. నాకు ఒళ్లు జలదరించింది. వెల్లంపల్లి రేవు కళ్లముందు కనపడింది.

గుంటూరు వైపు లూథరన్లు ఉంటారే, 1842లో హయ్యరు అయ్యగారు వచ్చి మొదలుపెట్టిన మిషను. వాళ్ల మూలపురుషుడు లూథరు ఈ పత్రికను తన పెళ్లాంతో పోల్చుకున్నాడట, అంత ప్రేమ. అది కూడా ఆ రాత్రే చెప్పాడాయన. లూథరు సన్యాసిగా ఉండి ఉపవాసాలతో చిక్కి శల్యమైన మనిషి. ఎన్ని చేసినా చాలలేదేమోనన్న భయం పోలేదాయనకు. విశ్వాసం అనే మాట ఆయనకు ఎంత ఊపిరినిచ్చి ఉంటుందో, నాకు ఆ కల్లంలో కొంచెం తెలిసింది.

నేను సంతోషపడిపోయాను. 'అంటే పెద్దలది తప్పు, నాది ఒప్పు, అంతేగా అయ్యగారూ?' అన్నాను. ఆయన నవ్వలేదు. 'రెండో అధ్యాయం మళ్లీ చదువు' అన్నాడు.

అంతియొకయ సంగతి అది. పేతురు అక్కడ అన్యులతో కలిసి తింటున్నాడు. యెరూషలేము నుంచి కొందరొచ్చారు. వాళ్లేమనుకుంటారోనని పేతురు వెనక్కి తగ్గాడు. ఆయన్ను చూసి మిగతా యూదులూ తగ్గారు, బర్నబా అంతటివాడూ తగ్గాడు. 'నాయనా, మన మాటల్లో చెప్పాలంటే పేతురు పంక్తిలోంచి లేచాడు' అన్నాడు ముసలాయన. 'నోటితో సిద్ధాంతం మార్చలేదు. యేసు చాలడని అనలేదు. ఒట్టి విస్తరి ముందు నుంచి లేచాడు. అయినా పౌలు అందరి ముందూ నిలదీశాడు. ఎందుకు? సువార్త నిలిచేదీ పడేదీ పంక్తి దగ్గరే గనక. అపొస్తలుల కార్యాలు పదిహేనులో చూడు. యెరూషలేములో పెద్దలు కూర్చుని, అన్యుల మెడ మీద కాడి పెట్టొద్దని తేల్చారు. విగ్రహాలకు పెట్టింది, రక్తం, గొంతు పిసికి చంపింది తినొద్దు, జారత్వం మానండి అని మాత్రం రాసి పంపారు. ఆ తిండి మాటలు ఎందుకు రాశారు? పక్కపక్కన కూర్చుని తినాలంటే ఒకరికొకరు రోత పుట్టించకూడదని. మన చచ్చిన గొడ్డు కట్టడ కూడా నేను అట్టాగే అర్థం చేసుకుంటాను. పంక్తి కలపడానికి పెట్టింది గాని చీల్చడానికి కాదు.'

మళ్లీ కొంచెంసేపు ఆగి అన్నాడు: 'నిన్ను బల్ల నుంచి లేపారని ఏడుస్తున్నావు. నీ ఇంట్లో పంక్తిలోంచి నువ్వెవర్ని లేపావు నాయనా?'

నాకు వెంటనే తట్టింది. తట్టకపోయుంటే బాగుండుననిపించింది.

మన దగ్గరికి ఏటా పంట ఇళ్లకొచ్చాక డక్కలాయన వచ్చేవాడు. డక్కలివాళ్లు మాదిగల్నే అడుగుతారు, ఇంకెవరినీ అడగరు. పటం పరిచి జాంబపురాణం చెబుతారు. మనం క్రైస్తవులమయ్యాక పురాణం వినడం మానేశాం, గింజలు మాత్రం పెట్టేవాళ్లం. పెట్టేది ఎక్కడ? వేపచెట్టు కింద. దాహమంటే దోసిలి పట్టమని, ముంత ఎత్తి పైనుంచి పోసేవాళ్లం. అమ్మాయ్, విన్నావా? ఆసాముల ఇంటి ముందు మనకెట్టా పోసేవాళ్లో, అట్టాగే పోసేవాళ్లం. చిన్నప్పుడు నేనే పోశాను చాలాసార్లు. బాప్తిస్మం తీసుకున్న చేతులతో. ఇది ఏ సంఘం పుస్తకంలోనూ తప్పని రాయలేదు. దీనికి ఎవరినీ బల్ల నుంచి తియ్యలేదు. మేం ముప్పై కట్టడలు కాపాడుకుంటున్నాం, ఇది మాత్రం మాకు కనపడలేదు.

ఆ రెండో రాత్రి నేను నిద్రపోలేదు. ఒప్పుననుకున్న మనిషిని పోగొట్టుకున్నాను. పెద్దల మీద కోపం పెట్టుకోవడానికి నాకు చోటు మిగల్లేదు. కానీ భయం కూడా మిగల్లేదమ్మా, అది చెప్పడం కష్టం. నా తప్పు అంత పెద్దదిగా కనపడుతుంటే ఊపిరి ఆడకూడదు గదా? ఆడింది. నేనింకా తప్పు దిద్దుకోలేదు, ఎవరికీ ఏమీ ఇవ్వలేదు, అయినా దేవుడు నన్ను వెళ్లగొట్టడం లేదని తెలిసిపోయింది. జేజి చెప్పింది ఇదేగా అనుకున్నాను. బిడ్డలమని తెలిశాక అన్నదే, అది. చీకటితో లేచి కల్లంలో మోకాళ్లూనాను. ఎంతసేపో తెలీదు. ముసలాయన అప్పటికే లేచి గొంగడి మడుస్తున్నాడు. పోతూ పోతూ చివరి అధ్యాయం తీయించి, పౌలు తన సొంత చేత్తో పెద్ద పెద్ద అక్షరాలు రాశానన్న చోటు నా వేలితో తాకించాడు. 'ఆయనకూ నాలాగే కళ్లు కనపడేవి కావేమో' అన్నాడు. ఆయన్ను మళ్లీ చూడలేదు నేను.

మరుసటి ఆదివారం గుడికి పోయాను. వెనక కూర్చున్నాను. నన్ను మళ్లీ బల్లకు పిలవడానికి ఎనిమిది నెలలు పట్టింది. ప్రతిసారీ రొట్టె నా ముందు నుంచే పోయేది. నాకు కోపం రాలేదు. రాకపోవడం నాకే ఆశ్చర్యంగా ఉండేది. ఒకరోజు మా నాయన పెద్దల వరసలోంచి లేచి వచ్చి నా పక్కన వెనక కూర్చున్నాడు. ఆయన కూడా ఆ పూట రొట్టె తీసుకోలేదు. మేమిద్దరం దాని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

నీ పూల సంగతంటావా? పెట్టుకుంటే పెట్టుకో, మానితే మాను. మానాలనిపిస్తే ప్రేమతో మాను. కానీ పూలు తీసినందుకు దేవుడు నిన్ను దగ్గరికి తీసుకున్నాడని మాత్రం ఎవరన్నా చెబితే నమ్మకు. రేపు నేను నీతో వస్తాను. ఆ అయ్యగారితో నేను మాట్లాడతాను, పెద్దగా కాదులే, మెల్లిగానే.

మంట తగ్గింది. ఇది చెప్పి లేస్తాను.

ఆ ఏడు సంక్రాంతికి ముందు డక్కలాయన వచ్చాడు. పెద్ద వయసు, భుజాన సంచి, చంకలో చుట్టిన పటం. అలవాటుగా వేపచెట్టు కింద కూర్చున్నాడు. నేను పోయి లోపలికి రమ్మన్నాను. ఆయనకు అర్థం కాలేదు. 'లోపలికి ఎందుకయ్యా, ఇక్కడ బాగానే ఉండాది' అన్నాడు. మళ్లీ పిలిచాను. 'వద్దయ్యా, మీ పల్లె మీ మీదికొస్తుంది' అన్నాడు. అప్పుడు మీ అవ్వ, మీరు నమ్మరు, అప్పటికి దానికి పద్దెనిమిదేళ్లు, గడప లోపల రెండు విస్తళ్లు పక్కపక్కన వేసి నీళ్లు చిలకరించింది. వేసి, బయటికొచ్చి, 'పెద్దాయనా, చల్లారిపోతుంది' అంది.

ఆయన వచ్చాడు. గడప దాటేటప్పుడు చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు. నేను తీసుకుని బయట పెట్టాను. పక్కన కూర్చున్నాను. జొన్నకూడు, గోంగూర పచ్చడి. చాలాసేపు తల ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. వీధిలో ఎవరో నిలబడ్డట్టు నీడ పడింది, తొలగిపోయింది. సగం తిన్నాక ఆయన మీ అవ్వ వైపు చూశాడు. వేపచెట్టు కింద అన్నేళ్లు తిన్నప్పుడు ఇది చాలదు, అది కావాలి అని నోరు తెరిచి అడగని మనిషి.

'అమ్మా, కాస్త ఉప్పు' అన్నాడు.